సత్రంలో పడక ఎవరిది?



ఈ స్మారక సభలో మా మాస్టారి గురించి నాలుగు మాటలు చెప్పమన్నారు. ఆయన పాండిత్యం గురించి మీకు నేను చెప్పేదేముంది? ఆయన పేరు వినగానే నాకు రాజమండ్రి స్టేషనే గుర్తొస్తుంది. శాసనాల కోసం తిరుగుతూ ఒకనాడు ఆఖరి బండి తప్పిపోయాం. ప్లాట్‌ఫారం మీదే పడుకున్నాం. ఆయన చెప్పులు విప్పి, తువ్వాల్లో చుట్టి తలకింద పెట్టుకున్నారు. "దిండు కోసం కాదురా, దొంగల కోసం" అన్నారు. ఆ తర్వాత ఆయన గురకకి నాకు తెల్లార్లూ నిద్ర లేదు. ఇంతకు మించిన నివాళి నాకు చేతకాదు. ఒక్క విషయంలో మాత్రం మా ఇద్దరికీ చివరిదాకా పొసగలేదు. ఆ తగువే ఇవాళ మళ్ళీ తీస్తున్నాను. బదులు చెప్పడానికి ఆయన లేరు కాబట్టి ఆయన పక్షం కూడా నేనే వినిపిస్తాను.

ఇల్లు లేనివాళ్ళకి సమాజం ఏం చేసిందన్న కథలో మొదటి సగం మీకు తెలిసిందే. 1830లో కాశీకి బయల్దేరిన ఏనుగుల వీరాస్వామయ్య తన యాత్రాచరిత్రలో రాసిన సత్రాలు, లంకల గన్నవరంలో డొక్కా సీతమ్మగారి అన్నదానపు పొయ్యి. వీటి మీద ఉపన్యాసాలు చాలానే అచ్చయ్యాయి, అందులో రెండు నావే. వాటిని వదిలేద్దాం. ఇక రెండో సగం, ఇప్పటి సంగతి.

2011 జనాభా లెక్కల్లో ఇల్లు లేనివాళ్ళని ఫిబ్రవరి 28 రాత్రి లెక్కపెట్టారు. దేశం మొత్తంమీద సుమారు 17.7 లక్షలు తేలారు. పదేళ్ళ కిందటి లెక్కతో చూస్తే మొత్తం తగ్గింది, పట్టణాల్లో పెరిగింది. ఆ అంకెల కన్నా నిర్వచనం నాకు ముఖ్యం. రోడ్డు పక్కన, పేవ్‌మెంట్ మీద, హ్యూమ్ పైపుల్లో, ఫ్లైఓవర్ల కింద, మెట్ల కింద, రైల్వే ప్లాట్‌ఫారాల మీద ఉండేవాళ్ళు అంటూ చెప్పుకుపోయి, ఆ వరసలోనే మండపాలు కూడా చేర్చారు. ఎవరో పుణ్యాత్ముడు నలుగురూ తలదాచుకోవాలని కట్టించిన మండపం ఇవాళ సర్కారు లెక్కలో ఇల్లు లేదనడానికి ఆనవాలు! మాస్టారు దీన్ని విని నవ్వారు. నాకు నవ్వు రాలేదు.

అసలు తగువు మల్కాపురం శాసనం మీద. రుద్రమదేవి కాలం, 1261. జయంతి రామయ్య పంతులుగారు పరిష్కరించి అచ్చువేశారు. ఆ రాయి ఉన్నది మందడం పక్కన, ఇప్పటి వెలగపూడి సచివాలయానికి కూతవేటు దూరంలో. విశ్వేశ్వర శివాచార్యుడనే శైవగురువు తనకొచ్చిన దానాన్ని మూడు వంతులు చేసి, అందులో ఒక వంతు ప్రసూతిశాలకి, ఆరోగ్యశాలకి, విప్రసత్రానికి కలిపి కేటాయించాడు. ఆ సత్రం ఇల్లు లేనివాళ్ళందరిదీ అని నేనన్నాను.

మాస్టారి వాదం ఇది: "విప్ర అన్న ముక్క కళ్ళబడలేదా నీకు? పైగా శాసనాల్లో సత్రమంటే అన్నం పెట్టే చోటు, పడుకునే చోటు కాదు. నువ్వు ఇవాల్టి జాలిని ఏడొందల ఏళ్ళు వెనక్కి మోస్తున్నావు."

మొదటిదానికి నా జవాబు అదే రాతిమీద ఉంది. బ్రాహ్మణుడు మొదలు చండాలుడి వరకు ఎవరొచ్చినా అన్నం పెట్టాలని దాత అక్కడే చెప్పాడు. ఒక సమాసం పట్టుకుని వాక్యాన్ని వదిలేయడం ఏం పద్ధతి? అన్ని సత్రాలూ అలా నడిచాయని నేననను. ఫలానా కులం సత్రమన్న బోర్డులు నిన్నమొన్నటిదాకా చూశాం, ఇవాళా ఉన్నాయి. కానీ 1955 నాటి అస్పృశ్యతా నేరాల చట్టం నాలుగో సెక్షన్ ధర్మశాల, సరాయి, ముసాఫిర్‌ఖానాల పేర్లెత్తి మరీ, కాగితం మీదైనా, ఆ అడ్డు తీసేసింది.

రెండోది కాస్త గట్టి ప్రశ్న. అన్నం సరే, పడకేది? శాసనాల సత్రం అన్నసత్రమే, ఒప్పుకుంటాను. మరి తలదాచుకునే చావడి మాట? ఇంగ్లీషువాళ్ళ చౌల్ట్రీ మన చావడి నుంచే పోయింది. 1817లో మద్రాసు ప్రభుత్వం ధర్మాదాయాల మీద ఏడో రెగ్యులేషన్ తెచ్చినప్పుడు చౌల్ట్రీలను వంతెనల సరసన పెట్టింది. వంతెన ఎక్కేవాణ్ణి నీదే ఊరు, ఎన్నాళ్ళుంటావు అని ఎవరూ అడగరు గదా! దీనికి మాస్టారు చాలాసేపు ఏమీ అనలేదు. చివరికి "సత్రం బాటసారికిరా, కాపురానికి కాదు. మూడు రాత్రులు దాటితే మూట సర్దుకోవాలి" అన్నారు.

పాలమూరు నుంచి హైదరాబాదు అడ్డా మీదికొచ్చి, రాత్రి స్టేషన్ బయట పడుకుని, వానలు పడగానే విత్తనాలకి ఊరెళ్ళే కూలీ బాటసారి కాడా? వాడి బాట మూడు రాత్రుల్లో తెగేది కాదు, అంతే.

2013లో మొదలైన పట్టణ జీవనోపాధుల మిషన్ మార్గదర్శకాలు ఉన్నంతలో నయమనిపించాయి. లక్ష జనాభాకి నూరుమంది పట్టే షెల్టరు, మనిషికి యాభై చదరపు అడుగులు, రాత్రీ పగలూ తలుపు తెరిచే ఉండాలి, ఇల్లు లేనివాళ్ళు పనిచేసే చోటుకి దగ్గర్లో ఉండాలి అన్నాయి. ఈ చివరి షరతు దగ్గరే బండి ఆగింది. స్టేషన్ దగ్గర జాగా లేదన్నారు. నేను వెళ్ళిన ఒక షెల్టరు మార్కెట్ యార్డు పైఅంతస్తులో ఉంది. మంచాలున్నాయి, శుభ్రంగానే ఉంది. దిండ్లు కూడా ఇచ్చారు. ఒక పెద్దాయన మాత్రం దిండు పక్కన పెట్టి, చెప్పులు తువ్వాల్లో చుట్టి తలకింద పెట్టుకుని పడుకున్నాడు.

జాగా లేకపోవడమేమిటి? పాత సత్రాలు చాలావరకు ఊరి నడిబొడ్డునే ఉన్నాయి, స్టేషన్లకీ బస్టాండ్లకీ దగ్గర్లో. 1987 నాటి దేవాదాయ ధర్మాదాయ చట్టం వాటిని తన గొడుగు కిందే ఉంచింది. ముందు భాగం షాపులకి అద్దెకిచ్చి, వెనక హాలు పెళ్ళిళ్ళకిచ్చిన సత్రాలు నేనెన్ని చూశానో! దాత పేరు మాత్రం గేటు మీద అలాగే ఉంటుంది.

అందుకే మూడేళ్ళుగా ఒకే పని పట్టుకున్నాను. ఊరూరా తిరిగి సత్రాల శిలాఫలకాలు, దానపత్రాలు నకలు తీసుకుంటున్నాను. దాత ఎవరికోసమన్నాడు, ఎన్నాళ్ళన్నాడు, అన్నమా, నీడా, రెండూనా? మూడు రాత్రుల నిబంధన దాత పెట్టిందా, తర్వాత వచ్చిన మేనేజరు పెట్టిందా? ఇప్పటిదాకా చూసిన ఫలకాల్లో నాకా నిబంధన ఎక్కడా దొరకలేదు. మాస్టారు ఉంటే "ఇంకా చూడు" అనేవారు. చూస్తున్నాను.

ఒక కోస్తా పట్టణంలో ఫలకం మీద నాలుగు వరుసలున్నాయి. మొదటి రెండూ దాత వంశం, నాలుగోది సంవత్సరం. మూడోది "బాటసారులకును" అని మొదలవుతుంది. ఆ "కును" తర్వాత ఇంకెవరో ఉండాలి. కానీ మిగతా వరుస మీద కరెంటు మీటరు బోర్డు బిగించారు. అది విప్పించడానికి రెండు ఆఫీసులకి అర్జీలు పెట్టి పదకొండు నెలలైంది. ఈ సభలో విద్యుత్ శాఖవారు ఎవరైనా ఉంటే టీ దగ్గర నన్నొకసారి కలవండి.