విరేచనాలైన బిడ్డకు నీళ్లు మానిపించకండి
(డోర్నకల్ తల్లులతో చేసిన ప్రసంగ పాఠం)



ఊరి నుంచీ, తండాల నుంచీ పిల్లలను ఎత్తుకొని వచ్చిన మీకు ఒక్క మాట చెప్పాలి. పసిబిడ్డకు నీళ్ల విరేచనాలు పట్టుకుంటే ఇంట్లో పెద్దవాళ్లు ఏమంటారు? “నీళ్లు తాపకు, ఇంకా ఎక్కువైతయి. కడుపు మాడ్చు, అదే తగ్గుతది” అంటారు. ప్రేమతో చెప్పే మాటే. కాని అదే బిడ్డ ప్రాణానికి ముప్పు.

కుండకు చిల్లి పడిందనుకోండి. నీళ్లు పోయడం మానితే చిల్లి పూడుతుందా? కుండ ఖాళీ అవుతుంది! బిడ్డ ఒళ్లూ అంతే. పోయిన నీరు, ఉప్పు వెంటనే తిరిగి చేరాలి.

1971లో బంగ్లాదేశ్ యుద్ధకాలాన పశ్చిమ బెంగాల్‌లోని బన్‌గావ్ శరణార్థి శిబిరంలో కలరా వ్యాపించింది. సెలైన్ చాలలేదు. డాక్టర్ దిలీప్ మహలనబిస్ ఉప్పు, గ్లూకోజు, వంటసోడా కలిపిన నీళ్లు తాగించారు. నూటికి 30 వరకు ఉన్న చావులు 4లోపుకు దిగాయి. రోగులకు ఆ నీళ్లు పట్టినవారిలో వారి ఇంటివాళ్లే ఎందరో! పేగుల నుంచి ఒంట్లోకి ఉప్పునూ నీటినీ చక్కెర వెంట తీసుకుపోతుంది. ఓఆర్ఎస్ పొట్లంలోని కిటుకు అదే.

ఎలా కలపాలి?

చేతులు సబ్బుతో కడుక్కోండి. కాచి చల్లార్చిన లీటరు నీటిలో పెద్ద పొట్లం మొత్తం కలపండి. చిన్న పొట్లమైతే దాని మీద రాసినంత నీరే పోయండి. 24 గంటలు దాటితే పారబోయండి. పొట్లం దొరికేదాకా లీటరు నీటిలో 6 చెంచాల చక్కెర, అర చెంచా ఉప్పు, చిన్న చెంచాతో తలగొట్టి, కలపవచ్చు. కూల్‌డ్రింకులు దీనికి బదులు కావు.

విరేచనం అయినప్పుడల్లా 2 ఏళ్లలోపు బిడ్డకు పావు నుంచి అర గ్లాసు, పెద్దవారికి అర నుంచి గ్లాసు, చెంచాతో కొద్దికొద్దిగా పట్టండి. కక్కితే 10 నిమిషాలు ఆగి మళ్లీ పట్టండి.

తల్లిపాలు ఆపవద్దు. 6 నెలలు దాటిన బిడ్డకు మెత్తని అన్నం, పప్పు, పెరుగు పెట్టండి. జింకు బిళ్ల 14 రోజులు ఇవ్వాలి: 2 నుంచి 6 నెలల బిడ్డకు అర బిళ్ల, ఆపైన 5 ఏళ్లదాకా 20 మిల్లీగ్రాముల బిళ్ల ఒకటి. విరేచనాలు తగ్గినా మానకండి. ఓఆర్ఎస్, జింకు రెండూ ఆశా కార్యకర్తను అడగండి.

కళ్లు లోతుకు పోయినా, బిడ్డ సోలిపోయినా, తాగలేకపోయినా, మలంలో నెత్తురు కనిపించినా ఆలస్యం చేయవద్దు. 108కి ఫోన్ చేయండి. దారిలోనూ చెంచాతో పడుతూనే ఉండండి; సోలిపోయిన బిడ్డకు మాత్రం నోట్లో పోయకండి.

6, 10, 14 వారాలకు రోటా వైరస్ చుక్కలు వేయించండి.

చివరగా, ఒకరిద్దరు దక్కరేమోనన్న భయంతో వరుస కాన్పులు కన్న రోజులున్నాయి. కన్నబిడ్డ దక్కుతాడన్న ధైర్యమే చిన్న కుటుంబానికి పునాది. కాన్పుకూ కాన్పుకూ 3 ఏళ్ల ఎడం ఉంచండి. ఇంట్లో ఒక ఓఆర్ఎస్ పొట్లం ఉంచండి.