విటమిను బిళ్లలు – గడువు తేదీ

(నిజాంపురాలోని తెలుగువారి సమావేశమున చేసిన ప్రసంగపాఠము)



బియ్యమునకు పురుగు పట్టిన కంటికి కనబడును; పచ్చడికి బూజు పట్టిన ముక్కునకు తెలియును. విటమిను బిళ్ల సత్తువ తగ్గినచో ఏ యింద్రియమునకును తెలియదు. అందుచేతనే పట్టీపై గడువు తేదీని ముద్రింతురు. నెల, సంవత్సరము మాత్రమే యున్నచో ఆ నెల చివరి దినము వరకని యర్థము.

అయితే వేడి, తేమ, వెలుతురు తగులకుండ, పెట్టెపై వ్రాసిన విధమున దాచినప్పుడే ఆ తేదీ చెల్లును. భివండిలో మనలో పెక్కుమంది రేకుల కప్పుల క్రింద, మగ్గముల నడుమ బ్రతుకుచున్నాము. వానకాలమున గోడలే చెమర్చును. ‘సి’ విటమిను తేమకును గాలికిని త్వరగా చెడును; ‘ఎ’ విటమిను గాలికిని వెలుతురునకును ఓర్వదు; ఫోలిక్ ఆమ్లమునకును వెలుతురు పడదు. కావున పొయ్యి ప్రక్క గూటిలో నుంచిన బిళ్లలు తేదీకి ముందే నీరసింపవచ్చును.

గడువు దాటిన విటమిను బిళ్ల సాధారణముగా విషము కాదు. సత్తువ తగ్గినది మాత్రమే. “అయిన నేమి?” యని కొంద రందురు. గర్భిణి విషయమున ఆ లోపమే ప్రమాదము. గర్భము నిలిచిన మొదటి నాలుగు వారములలోనే శిశువు మెదడునకును వెన్నుపామునకును మూలమైన నాళము మూసికొనును. అప్పుడు ఫోలిక్ ఆమ్లము చాలకున్న వెన్నెముక లోపముతో బిడ్డ పుట్టవచ్చును. అందుకే గర్భము ధరింపక మునుపే వైద్యుని యడిగి, మంచి బిళ్లలను మొదలిడవలెను. ఈ ఫోలిక్ ఆమ్లమును 1945 ప్రాంతమున అమెరికాలోని లెడర్లీ ప్రయోగశాలలో తయారుచేసిన బృందమునకు నాయకుడు, 1895లో భీమవరమున జన్మించిన మన యల్లాప్రగడ సుబ్బారావుగారే.

ఇక చేయవలసిన పనులు. విడిబిళ్లలు కొన్నచో తేదీ యున్న ముక్క దుకాణములోనే మిగిలిపోవును; తేదీని కాగితముపై వ్రాయించుకొనుడు. ఆంగ్లము రాని తల్లులు బడికి పోవు బిడ్డచే చదివించుకొనుడు. సీసా మూత తీసిన దినమును దానిపై వ్రాయుడు. పాతబడినవని రెండేసి మ్రింగవలదు; ‘ఎ’ విటమిను గాని, ఇనుము గాని మితిమీరిన హాని కలుగును. ఇనుపబిళ్లలను పసివారి కందనీయవలదు. సిరిసిల్లకో, కరీంనగరమునకో పోవునప్పుడు మిగిలిన బిళ్లలను ముసలి తల్లిదండ్రులకై మూటగట్టుట మన యలవాటు. మూట గట్టుటకు ముందు తేదీ చూడుడు.

ఈ రాత్రి ఇంటికి పోయి, మీ గూటిలోని పట్టీ నొకసారి వెలుతురులో చదివింపుడు. అదియే నా మనవి.