వెలుతురును తిప్పే పంచదార

(సంఘం సర్వసభ్య సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



శాస్త్రీయ పరికరాల గురించి నాలుగు మాటలు చెప్పమని కార్యదర్శిగారు ఆజ్ఞాపించారు. పరికరాలన్నిటి గురించీ చెప్పాలంటే భోజనాల వేళ దాటిపోతుంది. అందుచేత ఒక్కదానితోనే సరిపెడతాను. పంచదార మిల్లు ల్యాబులో షిఫ్టు కెమిస్టుగా నేను ఏళ్ళ తరబడి కన్ను ఆనించి చూసిన పోలరిమీటరు అది. మీలో కాటా దగ్గర, పాన్ హౌసులో, బాయిలరు దగ్గర, టైమాఫీసులో పనిచేసినవారున్నారు. ల్యాబులో నల్ల గుడ్డ కట్టిన చీకటి గది మీకందరికీ గుర్తుండే ఉంటుంది. "లోపల ఏం చూస్తారండీ, సినిమానా?" అని అడిగినవారు కూడా ఈ సభలో ఉన్నారు. వారికి ఇప్పటికి జవాబు చెబుతున్నాను.

ముందు ఒక చిన్న ఊహ. కిటికీకి నిలువు ఊచలున్నాయి. వాటి మధ్యనుంచి ఒక తాడు దూర్చి, ఒక కొస కట్టేసి, రెండో కొస పట్టుకుని ఆడించండి. పైకీ కిందకీ ఆడిస్తే అల ఊచల మధ్యనుంచి సాగిపోతుంది. పక్కలకు ఆడిస్తే ఊచలకు తగిలి ఆగిపోతుంది. వెలుతురు కూడా ఇలాంటి అలే. మామూలు దీపం వెలుతురులో అన్ని వైపుల ఊపులూ కలిసి ఉంటాయి. ప్రత్యేకంగా కోసి అతికించిన ఒక స్ఫటికం గుండా పంపితే ఒక్క వైపు ఊపే మిగులుతుంది. ఆ స్ఫటికాన్ని 1828లో తయారుచేసినవాడు విలియం నికోల్. అందుకే దానిని నికోల్ ప్రిజం అంటారు.

అలా ఒక్క వైపే ఊగే వెలుతురును పంచదార నీళ్ళ గుండా పంపితే, ఆ ఊపు తిన్నగా రాదు. కుడివైపుకు తిరిగి వస్తుంది. నీళ్ళలో పంచదార ఎంత ఎక్కువుంటే అంత ఎక్కువ తిరుగుతుంది. ఉప్పు నీళ్ళు తిప్పవు, ఉత్త నీళ్ళు తిప్పవు. ద్రవాలకు ఈ గుణం ఉన్నదని 1815లో కనిపెట్టినవాడు ఫ్రాన్సు దేశపు బియో. అంటే ఒక ద్రావణంలో పంచదార ఎంతుందో తెలుసుకోవడానికి దాన్ని ఆవిరి చేయనక్కరలేదు, రుచి చూడనక్కరలేదు. గొట్టంలో పోసి, వెలుతురు ఎంత తిరిగిందో చూస్తే చాలు.

మా లెక్క ఇదీ. శుద్ధమైన పంచదార సరిగ్గా 26 గ్రాములు తూచి, నీళ్ళతో 100 మిల్లీలీటర్లు చేసి, 200 మిల్లీమీటర్ల గొట్టంలో పోసి, 20 డిగ్రీల వేడిమి దగ్గర చూస్తే, పంచదార స్కేలు మీద 100 రావాలి. మామూలు కోణంలో చెప్పాలంటే సోడియం దీపపు పసుపు వెలుతురు దాదాపు 34.6 డిగ్రీలు తిరుగుతుంది. ఐపీసులో చూస్తే ఒక గుండ్రని వెలుగు బిళ్ళ సగం ముదురుగా, సగం లేతగా కనిపిస్తుంది. రెండు సగాలూ ఒకే మసకకు వచ్చేదాకా చక్రం తిప్పి, వెర్నియర్ మీద అంకె చదవాలి. చెప్పడానికి ఇంతే. కానీ గొట్టంలో చిన్న బుడగ ఉంటే చాలు, చూపు చెడుతుంది. మూత బిగువుగా తిప్పితే అద్దం మీద ఒత్తిడి పడి, ఆ అద్దమే వెలుతురును కాస్త తిప్పేస్తుంది. కొత్త కుర్రాళ్ళు బలమంతా చూపించేది ఆ మూత మీదే! చెరకు రసం నల్లగా ఉంటుంది కనుక సీసపు ఉప్పు వేసి విరగ్గొట్టి వడకట్టేవాళ్ళం. అది విషం. ఇప్పుడు కంటికి కనిపించని 880 నానోమీటర్ల ప్రాంతపు కిరణంతో చూసే యంత్రాలు వచ్చాయి, వాటికి సీసం అక్కరలేదు. మా తరం చేతులు మాత్రం దానిలోనే నానాయి.

ఇంట్లోవాళ్ళకు తెలిసిన సంగతి ఒకటి చెబుతాను. పాకం పడుతున్నప్పుడు అందులో రెండు చుక్కలు నిమ్మరసం పిండుతారు. ఎందుకని అడిగితే "పాకం గడ్డకట్టకుండా" అంటారు. నిజమే. పులుపు, వేడి కలిస్తే పంచదార రెండుగా విడిపోతుంది. ఒకటి గ్లూకోజు, రెండోది ఫ్రక్టోజు. అవి కలగలిసి ఉన్న పాకం సులువుగా పలుకు కట్టదు. పోలరిమీటరులో చూస్తే ఇంకో విచిత్రం. గ్లూకోజు కుడికే తిప్పుతుంది గాని, ఫ్రక్టోజు అంతకంటే బలంగా ఎడమకు తిప్పుతుంది. అందుచేత మొదట కుడికి తిప్పిన పంచదార విడిపోయాక మొత్తం మీద ఎడమకు తిప్పుతుంది. ఇలా తలకిందులవుతుంది కాబట్టే మిల్లు భాషలో దీన్ని ఇన్వర్షన్ అన్నారు. మన రోజువారీ రిపోర్టులలో ఆ మాట చూసినవారికి దాని వెనుక కథ ఇదని తెలిసి ఉండకపోవచ్చు.

వంటింట్లో ఈ విడిపోవడం మనకు ఉపకారం. మిల్లులో అపకారం. విడిపోయిన పంచదార మళ్ళీ పలుకు కట్టదు, మొలాసిస్‌లో పోతుంది. చెరకు రసం సహజంగానే కాస్త పుల్లటిది, పీహెచ్ 5 పైచిలుకు. దాన్ని అలాగే కాస్తే నష్టమే. అందుకే సున్నం కలిపి 7 దగ్గరకు తెస్తాం. సున్నం ఎక్కువైతే రసం రంగు చెడుతుంది, తక్కువైతే పంచదార పోతుంది.

ఈ నష్టం మిల్లులోకి రాకముందే, చెరకు కోసిన గంట నుంచీ మొదలవుతుంది. చెరకును 24 గంటల లోపల ఆడాలని మన శాఖలో ప్రతివారూ చెబుతారు. కానీ యార్డులో బళ్ళు, ట్రాక్టర్లు రెండేసి రోజులు నిలబడిన సీజన్లు మీరూ చూశారు. అప్పుడు ఏమవుతుందో కొలిచి చూశాం. నిలబడిన చెరకులో నీరు ఎండుతుంది. నీరు తగ్గడంతో బ్రిక్సు, అంటే రసంలో కరిగి ఉన్న పదార్థం మొత్తం, పెరిగినట్టు కనిపిస్తుంది. బ్రిక్సు మాత్రమే చూసినవాడు "చెరకు బాగుంది" అంటాడు. పోలరిమీటరు రీడింగు, అంటే పోల్, మాత్రం బ్రిక్సుతో పాటు పెరగదు, పైగా పడిపోతూ ఉంటుంది. రెంటి నిష్పత్తినే ప్యూరిటీ అంటాం. బ్రిక్సు 20, పోల్ 17 ఉంటే ప్యూరిటీ 85. నిలబడిన బండి చెరకులో ఈ ప్యూరిటీ ఎంత త్వరగా జారుతుందో చూసినవాడికి, కటింగ్ ఆర్డర్లు మిల్లు శక్తికి మించి ఇవ్వడం ఎంత నేరమో తెలుస్తుంది. తప్పు ఆర్డరిచ్చినవాడిది, మాట పడేది రైతు. నా మట్టుకు ఇది అన్యాయమే.

ఎందుకింత పట్టుదల అంటారేమో. రైతు ధర ఫ్యాక్టరీ రికవరీతో ముడిపడి ఉంది కనుక. 2024-25 సీజనుకు కేంద్రం 10.25 శాతం రికవరీకి క్వింటాలు 340 రూపాయలుగా నిర్ణయించింది. ఆపైన రికవరీ 0.1 శాతం పెరిగిన కొద్దీ క్వింటాలుకు 3 రూపాయల 32 పైసలు అదనం. 100 టన్నులు తోలిన రైతుకు ఆ పదో వంతు 3,320 రూపాయలు. మన దేశంలో ఈ లెక్క ఫ్యాక్టరీ మొత్తానికి సగటు మీద. మంచి చెరకు పండించినవాడికీ, నాసి చెరకు తోలినవాడికీ ఒకటే రేటు. ఆస్ట్రేలియాలోని క్వీన్స్‌లాండులో ఏ రైతు చెరకును ఆ రైతు పేరనే బ్రిక్సు, పోల్ చూసి డబ్బు కడతారు. అక్కడి తోటలు పెద్దవి. మన అరెకరం, ఎకరం రైతులకు అది వెంటనే కుదరదు, నిజమే. అయినా మంచి చెరకు పండించిన రైతు మొహం చూసినప్పుడల్లా నాకు ఆ పద్ధతి గుర్తుకు వచ్చేది.

ఇప్పుడు ఒక సంగతి, ఎవరి పేరూ లేకుండా చెబుతాను. నేను కొంతకాలం పనిచేసిన ఒక ఫ్యాక్టరీలో ఒక సీజను "తెలియని నష్టం" పెరిగిపోయింది. లోపలికి వచ్చిన రసంలో పంచదార ఇంత, బస్తాలకెక్కింది ఇంత, పిప్పిలో, మడ్డిలో, మొలాసిస్‌లో పోయింది ఇంత, ఇవి పోను మిగిలినదే తెలియని నష్టం. రసం తూచే స్కేలు దగ్గరున్న ఉద్యోగి లెక్క ఎక్కువ రాస్తున్నాడని అనుమానించి మెమో ఇచ్చారు. అతనికి ముగ్గురు పిల్లలు, రిటైర్మెంటుకు నాలుగేళ్ళు. మా ల్యాబులో మొదట చేసిన పని పోలరిమీటరునే అనుమానించడం. క్వార్ట్జు పలక పెట్టి చూశాం. ఎంత తిప్పుతుందో ముందే సర్టిఫై చేసిన పలక అది. రీడింగు సరిపోయింది. ఆ తరువాత కండెన్సరు నీళ్ళు పరీక్షించాం. అంత పలచటి చక్కెర పోలరిమీటరుకు అందదు. దానికి ఆల్ఫా నాఫ్తాల్ పరీక్ష ఉంది. రెండు చుక్కలు వేసి, గాఢ గంధకామ్లం గోడ వెంట జారవిడిస్తే, చక్కెర జాడ ఉంటే ఊదారంగు వలయం కడుతుంది. వలయం ముదురుగా కట్టింది. ఎవాపరేటరు చివరి బాడీలో ఆవిరితో పాటు రసపు తుంపరలు కొట్టుకుపోతున్నాయి. వాటిని ఆపవలసిన పళ్ళెం తుప్పుపట్టి ఊడిపోయింది. దాన్ని సరిచేశాక వారం తిరిగేసరికి నష్టం మామూలుకు వచ్చింది.

మెమో వెనక్కి తీసుకున్నారు. కానీ ఆ కాగితం సర్వీసు ఫైలులోంచి తీసెయ్యడానికి ఇంకో రెండేళ్ళు పట్టింది. తుంపరలు ఎక్కడ పోతున్నాయో కనిపెట్టడానికి పట్టింది నాలుగు రోజులు.

ఇక పరిశోధన సంగతి. కోయంబత్తూరులో 1912లో చెరకు వంగడాల కేంద్రం పెట్టారు. మన అనకాపల్లి పరిశోధన స్థానం 1913లో వచ్చింది. కోయంబత్తూరులో బార్బర్, వెంకట్రామన్ కలిసి తీపి చెరకును మన చెరువు గట్ల మీద పెరిగే రెల్లు గడ్డితో సంకరం చేశారు. రెల్లు కూడా చెరకు కుటుంబమే. అందులోంచి వచ్చిన కో 205 రకాన్ని 1918లో విడుదల చేశారు. ఇలా సంకరం చేస్తే వేలకొద్దీ మొలకలు వస్తాయి. ఏది తీపి, ఏది గడ్డి అన్నది చూపుతో తేలదు. రసం తీసి, బ్రిక్సు, పోల్ చూసి, వెయ్యిలో ఒకటో రెండో ఉంచి, తక్కినవి పీకెయ్యాలి. మనం పండించిన కో రకాలన్నిటి వెనుక ఆ ఏరివేత ఉంది.

పాశ్చర్ కథ చెప్పకుండా వదలలేను. 1848లో అతనికి 25 ఏళ్ళు. ద్రాక్షలకు సంబంధించిన ఒక ఆమ్లపు లవణం పలుకులను భూతద్దంతో చూస్తే, కుడి చెయ్యి, ఎడమ చెయ్యి మాదిరిగా రెండు రకాలు కనిపించాయి. పట్టకారుతో ఒక్కొక్కటే ఏరి, రెండు కుప్పలు చేసి, విడివిడిగా కరిగించి చూశాడు. ఒకటి కుడికి, ఒకటి ఎడమకు తిప్పాయి. డెబ్బయి దాటిన బియో ఇది నమ్మక, తన ఎదుటే మళ్ళీ చేయించి, స్వయంగా కన్ను పెట్టి చూసి, ఆ కుర్రాడి చెయ్యి పట్టుకున్నాడట. పరిశోధనకు పనికొచ్చే గుణం అంటే నాకు ఆ ముసలాయనే గుర్తొస్తాడు. నమ్మలేదు, కానీ చూడ్డానికి ఒప్పుకున్నాడు.

ఆ కుడి ఎడమలు ఈనాడు మన మందుల పెట్టెలో ఉన్నాయి. జలుబుకు వేసుకునే లెవోసెటిరిజిన్, వణుకుడు జబ్బుకు ఇచ్చే లెవోడోపా. "లెవో" అంటే ఎడమ. అణువు ఒకటే గాని, కుడి చెయ్యి చొక్కా ఎడమ చేతికి పట్టనట్టు, శరీరంలో ఒక వైపుది పనిచేసినట్టు రెండోది పనిచెయ్యదు. అందుకే ఇలాంటి మందులు తయారుచేసే కర్మాగారాలలో, వెలుతురు ఎటు ఎంత తిరిగిందో చూసే పరీక్ష ఉంటుంది. మన హైదరాబాదు చుట్టుపక్కల మందుల ఫ్యాక్టరీలలో చేరిన మన పిల్లలు చాలామంది ఈ పరికరం ముందే కూర్చున్నారు. చక్రం తిప్పే పని వాళ్ళకు లేదు, అంకె తెరమీద దానంతట అదే వస్తుంది. క్వార్ట్జు పలక మాత్రం వాళ్ళకూ ఉంది. ఉండాలి కూడా.

తేనె గురించి ఎవరో చీటీ పంపారు. మంచి తేనె ఎక్కువగా ఎడమకు తిప్పుతుంది, ఫ్రక్టోజు పాలు ఎక్కువ కనుక. పంచదార పాకం కలిపితే కుడివైపుకు జరుగుతుంది. అయితే మోసగాడు ముందుగానే విడగొట్టిన పాకం కలిపితే పోలరిమీటరు పట్టలేదు. దానికి వేరే పెద్ద యంత్రాలున్నాయి. తేనె గడ్డకట్టిందని మాత్రం కల్తీ అనుకోకండి. అది గ్లూకోజు పలుకు కట్టడమే.

పిల్లల కోసం ఒక్క మాట. చిక్కటి పంచదార పాకం ఒక తెల్లటి గాజు సీసాలో పోసి, ల్యాప్‌టాప్ తెర మీద తెల్ల బొమ్మ పెట్టి, దాని ముందు ఉంచండి. ఆ తెర వెలుతురు చాలావరకు ఒక్క వైపే ఊగేది. పోలరాయిడ్ చలవ అద్దం ఒకటి సీసాకు ఇవతల పట్టుకుని మెల్లగా తిప్పండి. పాకంలో రంగులు మారుతూ కనిపిస్తాయి. సీసా, అద్దం, మనవడి ల్యాప్‌టాప్ నేను తెచ్చాను. వెనుక వరుస బల్లమీద పెట్టాం. భోజనాలకు లేచేటప్పుడు ఒక్కొక్కరే చూసి వెళ్ళండి, పాకం మాత్రం రుచి చూడకండి, నిన్నటి నుంచి చీమలు పడుతున్నాయి.