వారము దినముల పండుగ, తక్కిన దినముల లెక్క

(పట్టణ గ్రంథాలయమున జరిగిన వారోత్సవముల ముగింపు సభయందు గ్రంథాలయోద్యమ సేవకులైన యొక న్యాయవాది చేసిన యుపన్యాసము)



గడచిన ఏడు దినములుగా ఈ భవనము కళకళలాడినది. మామిడాకుల తోరణములు కట్టితిమి. పుస్తక ప్రదర్శనము జరిగినది. బాలబాలికలకు వక్తృత్వమునందును, వ్యాసరచనయందును, చిత్రలేఖనమునందును పోటీలు జరిగినవి. కవి సమ్మేళనమునకు పదునొకండుగురు కవులు విచ్చేసిరి. అందు కాలనియమమును పాటించినవారు మువ్వురు మాత్రమే. ఇక బహుమతులు పంచి, దండలు వేసి, ఇండ్లకు పోవుటయే మిగిలియున్నది. ముగింపు పలుకులు పలుకుమని కార్యకర్తలు నన్ను కోరిరి. మెచ్చుకోళ్లు ముందు మాటలాడినవారు కావలసినన్ని చెప్పియున్నారు. రేపు ఉదయము 8 గంటలకు ఈ తలుపులు తెరచునప్పుడు లోనికి వచ్చువారెవరు అను ప్రశ్న నన్ను వారము దినములుగా వెంటాడుచున్నది. దానిని గూర్చియే మనవి చేసికొందును.

నవంబరు 14 మొదలు 20 వరకు గ్రంథాలయ వారముగా దేశమంతట 1968 నుండి జరుపుకొనుచున్నారు. 14వ తేదీ నెహ్రూగారి జన్మదినమని ఇచటి పిల్లలలో ఎవరిని అడిగినను చెప్పుదురు. ఆ తేదీకి మఱియొక కథ కలదని మాత్రము పెద్దలలోనే పలువురు ఎఱుగరు. 1919 నవంబరు 14వ తేదీన మదరాసు నగరమున అఖిల భారత గ్రంథాలయ మహాసభ కూడెను. బరోడా సంస్థానమునందలి గ్రంథాలయముల యధికారి కుదాల్కరుగారు అధ్యక్షత వహించిరి. ఆ సభను కూర్చుటకు నడుము కట్టినవారు మన అయ్యంకి వెంకటరమణయ్యగారు. అంతకు ఐదేండ్లకు పూర్వమే, 1914 ఏప్రిల్ 10వ తేదీన, బెజవాడలోని రామమోహన గ్రంథాలయమున ఆంధ్రదేశపు గ్రంథాలయముల ప్రతినిధులు చిలకమర్తి లక్ష్మీనరసింహముగారి యధ్యక్షతను కూడి, తమకొక సంఘమును ఏర్పరచుకొనియుండిరి. సర్కారువారి యుత్తరువు లేదు, గ్రాంటు లేదు. బండ్లమీదను, పడవలమీదను, రైళ్లమీదను వచ్చి, ఎవరి యన్నము వారు వెదకుకొని చేసిన పని యది. దేశమునకంతకు ఒక పండుగ నిచ్చిన తేదీ మనవారి పనివలన వచ్చినదని చెప్పుకొనుటకు గర్వముగానే యున్నది. కాని గర్వము చాలదు. ఆ కాలమువారు ఏమి చేసిరో చూచి, మన లెక్క సరిచూచుకొనవలెను.

వారును ఉత్సవములు చేసిరి. గ్రంథాలయపు వార్షికోత్సవమనగా ఊరంతకు పండుగ. హరికథలు చెప్పించిరి, భజనలు చేయించిరి, మాయాదీపపు బొమ్మలు చూపించిరి. అక్షరము రానివారికి సాయంకాలము అరుగుమీద కూర్చుండి వార్తాపత్రిక చదివి వినిపించిరి. నిజాము రాజ్యమున రాజకీయ సభ పెట్టుకొనుట దుర్లభమైన దినములలో, గ్రంథాలయపు వార్షికోత్సవమే నలుగురును ఒకచోట కూడి నోరు విప్పుటకు త్రోవయయ్యెను. హైదరాబాదున 1901లో వెలసిన శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయము, హనుమకొండలో 1904లో వెలసిన రాజరాజనరేంద్రాంధ్ర భాషానిలయము ఒట్టి పుస్తకాల కొట్లయియున్నచో తెలంగాణమున అంత మేలుకొలుపు కలిగియుండునా?

ఇక మన కృష్ణాతీరపు ముచ్చట. 1935లో పాతూరి నాగభూషణముగారు పెదపాలెము, కొల్లూరుల నడుమ కాలువపై నడచు పడవలో గ్రంథాలయము పెట్టిరి. పడవలో గంటల తరబడి కూర్చుండువానికి చేతిలో పని యుండదు, కన్నులకు తీరికయుండును. ఆ తీరికను కనిపెట్టుటలోనే ఆయన బుద్ధికుశలత యున్నది. జనులు గ్రంథాలయమునకు వచ్చుట లేదని వారు విచారించుచు కూర్చుండలేదు. జనులున్న చోటికి, వారికి తీరికయున్న వేళకు, పుస్తకములను నడిపించిరి. అయ్యంకివారు సాగించిన గ్రంథాలయ యాత్రలును ఇట్టివే.

మనము ఈ వారమును ఎట్లు జరిపితిమి? సభలన్నియు పగలు 11 గంటలకు. ఆ వేళకు కూలివాడు చేనిలోనుండును, ఉద్యోగి కచేరీలోనుండును, అంగడివాడు అంగడిలోనుండును, గృహిణి పొయ్యియొద్దనుండును. వచ్చినవారు ఎవరనగా, ఉపాధ్యాయులు వరుసలు కట్టించి తీసికొనివచ్చిన బడిపిల్లలు, వేదికమీది మావంటి పెద్దలు, ఛాయాచిత్రములు తీయువారు. ఛాయాచిత్రములు పై యధికారులకు పంపవలెనట. చీకటి పడినచో చిత్రములు బాగుగా రావట. ఈ మాట చెప్పినవారిని నేను నిందింపను. అది వారి ఉద్యోగధర్మము. కాని పండుగను ప్రజలకొఱకు చేయుచున్నామా, పటముకొఱకు చేయుచున్నామా అని మనలను మనమే అడుగుకొనవలసియున్నది.

ఇప్పుడు నా తప్పు నొకదానిని చెప్పుకొనవలెను. నిరుడు ఇదే వేదికనుండి వ్యాసరచనలో మొదటి బహుమతిని ఎనిమిదవ తరగతి చదువు బాలికకు నా చేతులతోనే ఇచ్చితిని. పుస్తకములు చదువుడని అరగంట సేపు ఉపన్యసించితిని. రెండు వారములు గడచిన పిదప, ఒక వ్యాజ్యమునకు కావలసిన పాత గెజిట్టు చూచుకొనుటకై నేనిక్కడకు వచ్చునప్పటికి, ఆ బాలిక బల్లయొద్ద దరఖాస్తు కాగితము పట్టుకొని నిలిచియుండెను. సభ్యురాలై ఇంటికి పుస్తకములు తీసికొనిపోవలెనని ఆమె కోరిక. ధరావతు సొమ్ము చిల్లరనాణెములతో సహా గుప్పిటనున్నది. జామీను సంతకమే లేదు. "సంతకం ఎవరు పెట్టాలండీ?" అని నన్నడిగెను. కోర్టువేళ మించిపోవుచున్నదని నేను తొందరలోనుంటిని. "మీ నాన్నగారిని తీసుకురామ్మా" అని చెప్పి వెడలిపోయితిని.

తండ్రి ఆటో నడుపువాడు. అద్దె యింట కాపురము. ఇంటిపన్ను కట్టువాడో, ఉద్యోగస్థుడో సంతకము చేసిననే చెల్లునట. కావున ఆయన వచ్చినను పని జరుగదు. ఇది నాకు అప్పుడు తట్టలేదు. ఈ సంవత్సరము పోటీలలో ఆ పేరు కనబడకపోగా విచారించితిని. కుటుంబము పనికొఱకు వేఱొక యూరికి తరలిపోయినదట. దరఖాస్తు కాగితము ఇక్కడ ఫైలులోనే యున్నది; సంతకము చేయవలసిన చోటు ఖాళీగానున్నది. నేను ఇంటిపన్ను కట్టుచున్నాను. కలము నా జేబులోనేయుండెను. అరనిమిషపు పని.

గ్రంథపాలకుని తప్పు పట్టవలదు. నిబంధన ఆయన వ్రాసినది కాదు. ఒక్కడే తలుపు తీయవలెను, పత్రికలు సర్దవలెను, చిట్టాలు వ్రాయవలెను, పుస్తకము పోయినచో జవాబు చెప్పవలెను. జవాబు చెప్పవలసినవాడు జామీను అడుగుట సహజము. అయినను న్యాయవాదిగా నాకొక సంగతి కొఱుకుడు పడుట లేదు. గ్రంథాలయ శాసనము మదరాసు రాష్ట్రమున 1948లోను, హైదరాబాదు రాష్ట్రమున 1955లోను వచ్చినది. ఉభయప్రాంతములకును కలిపి 1960లో ఒకే శాసనమైనది. దాని ననుసరించి ఇంటిపన్నులో రూపాయికి 8 పైసల చొప్పున గ్రంథాలయములకు చెల్లుచున్నది. ఏటికి రెండువేల రూపాయల పన్నుగల యింటినుండి 160 రూపాయలు ఈ పుస్తకములకు ముట్టవలెనన్న మాట. ఇంటియజమాని ఆ పన్నును అద్దెలో కలుపుకొనకుండ విడిచిపెట్టునా? కావున ఆటో నడుపు ఆ తండ్రియు గ్రంథాలయమునకు సొమ్ము కట్టినవాడే. కట్టినవాని బిడ్డకు మఱియొకని జామీను కావలసివచ్చినది! వసూలైన పైకమును స్థానిక సంస్థలు సకాలమున జమచేయక బకాయి పెట్టుచున్నవను మొఱ రెండు రాష్ట్రములందును చిరకాలమునుండి వినవచ్చుచునేయున్నది. అది వేఱొక సభలో, లెక్కలు చేతబట్టుకొని అడుగవలసిన సంగతి.

వేసవిని గూర్చి కొంత చెప్పవలెను. మన గ్రంథాలయములు ఋతువెఱిగి చేయు పని యేదైన నున్నచో అది వేసవి విజ్ఞాన శిబిరమే. బడులు మూసిన పిదప ప్రాతఃకాలమున పిల్లలు వత్తురు. కథలు చదువుదురు, చెప్పుదురు; చదరంగమాడుదురు; బొమ్మలు గీయుదురు. మొన్నటి వేసవిలో ఒక పిల్లవాడు చందమామ పాత సంపుటములలో బేతాళకథలు వరుసగా చదువుకొనుచు, ఇంటికి పొమ్మన్నను కదలలేదు. అంత ముచ్చటగా సాగిన శిబిరము జూన్ మాసమున బడులు తెరచుటతోనే ముగిసిపోవును. ప్రశంసాపత్రములు పంచుదురు. ఆ మఱునాటినుండి పిల్లల గదిలో దుమ్ము. ఆ నలువది దినములు తిన్నగా కాచిన పాలను తోడువేయకుండ విడిచిపెట్టినట్లే కదా! ఆదివారపు ఉదయము రెండు గంటలు ఆ గదిని పిల్లలకు ఉంచినచో చాలును. నడుపువారెవరందురా? ఈ చదువుగదిలో దినమంతయు పోటీ పరీక్షలకు చదువుకొను యువకులు ముప్పదిమంది యున్నారు. వారు గ్రంథాలయపు పుస్తకములు ముట్టరని కొందరు సణుగుదురు. నేను అట్లనను. ఇంటియందు చోటులేని బీదపిల్లలు, ఇచటి బల్లయు పంకాయు నమ్ముకొనియున్నవారు. నెలకొక ఆదివారము పిల్లలకు లెక్కలో కథయో చెప్పుమని అడిగితిని. ఆఱుగురు ఒప్పుకొనిరి. అడిగినవారు ఇంతవఱకు లేరు, అంతే.

వేసవి రాత్రులను మనము బొత్తిగా మఱచిపోయితిమి. పగటియెండకు ఎవరును గడప దాటరు. రాత్రి ఏడు గంటలు దాటినంతనే జనము గాలికొఱకు వెలికి వత్తురు. అప్పటికి మనము తాళము వేసికొని పోవుదుము! ఈ మేడమీద చాపలు పఱచి, ఒకరు చదువగా పదుగురు వినుటకు అంతకన్న మంచి వేళ యేది? చత్వారము వచ్చి అక్షరము కానని ముసలివారు మన వీధులలో ఎందఱో యున్నారు. చదువురాని స్త్రీలు ఇప్పటికిని ఉన్నారు. వారికి కన్యాశుల్కము చదివి వినిపించిన నవ్వరా? పింఛనులో, భూమి పట్టాలో, వచ్చిన కొత్త నిబంధన పత్రికలోనుండి చదివి విప్పి చెప్పిన వినరా? గాడిచర్ల హరిసర్వోత్తమరావుగారు గ్రంథాలయమును వయోజన విద్యను ఒకే బండి చక్రములుగా నడిపిరి. ఒక చక్రము మనము ఎప్పుడు ఊడదీసితిమో నాకు తెలియదు.

తక్కిన ఋతువులను గూర్చి విస్తరింపను. నాట్లు ముగిసిన పిదప శ్రావణ భాద్రపదములలో పల్లెలకు కొంత తీరిక చిక్కును. ఆగస్టు 29న గిడుగువారి జయంతి ఆ రోజులలోనే వచ్చుచున్నది. సంక్రాంతికి హైదరాబాదునుండియు, బెంగుళూరునుండియు, అమెరికానుండియు మన పిల్లలు ఇండ్లకు వత్తురు. వారినుండి చందాలు అడుగుటకు ముందు, ఒక పూట వచ్చి ఇచటి పిల్లలతో కూర్చుండుమని అడుగుదము. చందా తరువాతనైనను వచ్చును.

వేటపాలెమున 1918లో వెలసిన సారస్వత నికేతనమును మీలో చూచినవారు కలరు. 1929లో గాంధీ మహాత్ముడు అచటి భవనమునకు శంకుస్థాపన చేసిరి; ఆయన చేతికఱ్ఱ నేటికిని అచట భద్రముగానున్నది. నేను పోయినప్పుడు ఆ కఱ్ఱను చూచితిని, నమస్కరించితిని. అంతకన్న నన్ను ఆకర్షించినవి అచట దాచిన పాత పత్రికలు. ఏ పుట తిరుగవేసినను సభలు, సభలు! ఏ యూర ఎవరు ఏమి చదివిరో, ఎవరు చందా యిచ్చిరో, ఎవరు ఇచ్చెదనని ఇయ్యలేదో కూడ వ్రాసిపెట్టిరి. ఈ చివరి యలవాటును మనమును పునరుద్ధరింపవచ్చునని కోశాధికారిగారు చెవిలో చెప్పుచున్నారు.

కావున ఈ సభ యెదుట నేను ఉంచునది ఇంతే. వచ్చు ఆదివారము సాయంకాలము 6 గంటలకు ఈ గదిలోనే వార్తాపత్రికల పఠనము మొదలగును. మొదట నేను చదువుదును. గొంతు బాగుగా నున్నవారు ఆ పిమ్మట నన్ను తొలగింపవచ్చును. ఆ వేళకు మించి భవనము తెరచియుంచుటకు అనుమతి కోరుచు దరఖాస్తు వ్రాసియుంచితిని; అధ్యక్షులవారి సంతకము నేడే కావలెను. ఇక జామీనుల మాట. ఇంటిపన్ను కట్టువారు ఇరువదిమంది కావలెను. ఒక్కొక్కరు ఐదుగురు పిల్లలకు సంతకము చేసినచో నూఱుగురు పిల్లలు సభ్యులగుదురు. పుస్తకము పోయినచో దాని వెల మనము ఇచ్చుకొందము, గ్రంథపాలకునిమీద పడనీయము. కాగితము అదిగో, ద్వారమునొద్ద బల్లమీద నున్నది. మొదటి పేరు నాది. బహుమతులు పుచ్చుకొన్న పిల్లలారా, మీరు వెళ్లునప్పుడు తలిదండ్రులకొఱకు వేచియుండక, ఆ బల్లయొద్దనే దరఖాస్తులు తీసికొని నాయొద్దకు రండు. చీకటి పడువరకు అక్కడనే కూర్చుండెదను.