పేరు పక్కన అంకె



ఈ ఉపన్యాసం ఎవరి స్మృతిలో ఏర్పాటైందో ఆ మాస్టారు హైస్కూల్లో చరిత్ర చెప్పేవారు. రాజుల పట్టికలు బట్టీ పట్టించడం ఆయనకు గిట్టదని శిష్యులంటారు. అయినా ఈ సాయంత్రం నేను మాట్లాడబోయేది ఆ పట్టికల గురించే. 16వ లూయీ, 12వ చార్లెస్, రెండవ ఎలిజబెత్ అని మనం అలవాటుగా చదివేస్తాం. పేరు పక్కనున్న ఆ అంకెను లెక్క అనుకుంటాం. నా దృష్టిలో అది దావా. గద్దె ఎవరిది, ఎప్పటి నుంచి అన్న తగాదాలో దాఖలు చేసిన కాగితం.

మధ్యయుగాల తొలినాళ్లలో రాజులకు అంకెలు లేవు. ఒకే పేరు పదేపదే వస్తే బట్టతల చార్లెస్ అనో, లావుపాటి లూయీ అనో గుర్తు పెట్టుకునేవారు. మనకూ ఇది కొత్త కాదు. వేంగి చాళుక్యుల్లో విష్ణువర్ధనుడు, విజయాదిత్యుడు అనే పేర్లే తిరిగి తిరిగి వస్తాయి. కుబ్జ విష్ణువర్ధనుడు, గుణగ విజయాదిత్యుడు, కలి విష్ణువర్ధనుడు అంటూ బిరుదులే వారిని విడదీస్తాయి. అంకెలు తర్వాతి చరిత్రకారులు సౌకర్యం కోసం తగిలించినవి. గుణగుణ్ణి ‘మూడవ విజయాదిత్యా’ అని పిలిస్తే పలికేవాడు కాదు.

ఐరోపాలో రానురాను రాజులే ఆ అంకెను చేతిలోకి తీసుకున్నారు. అంకె చేతికొస్తే ఎవరిని కలపాలో, ఎవరిని వదలాలో కూడా చేతిలోకి వచ్చినట్టే. ఇంగ్లండులో మూడవ హెన్రీ 1239లో పుట్టిన కొడుక్కి, తాను కొలిచే సెయింట్ ఎడ్వర్డ్ పేరు పెట్టుకున్నాడు. ఆ సెయింటూ ఇంగ్లండు రాజే. ఆయనకు ముందు మరో ఇద్దరు ఎడ్వర్డులు ఏలారు. అయినా ఆ కొడుకు చరిత్రలో మొదటి ఎడ్వర్డే. లెక్క 1066 నార్మన్ విజయం నుంచి మొదలవుతుంది, అంతకు ముందువారికి చోటు లేదు.

ఫ్రాన్సులో దీనికి తలకిందుల వ్యవహారం నడిచింది. 1793 జనవరిలో 16వ లూయీ తల తెగింది. ఆయన కొడుకు ఏ కిరీటమూ పెట్టుకోకుండానే, పదేళ్ల వయసులో, 1795లో పారిస్‌లోని టెంపుల్ చెరలో చనిపోయాడు. ప్రవాసంలో ఉన్న పినతండ్రి ఆ పిల్లవాణ్ణి 17వ లూయీగా లెక్కకట్టి తాను 18వ లూయీ అయ్యాడు. 1814లో పారిస్ చేరి ప్రకటించిన రాజ్యాంగపత్రంలో అది తన పాలనకు 19వ సంవత్సరమని రాయించాడు. విప్లవం, రిపబ్లిక్, నెపోలియన్ సామ్రాజ్యం అన్నీ ఆ ఒక్క అంకె కింద కొట్టుకుపోయాయి! ఈ విద్యను బోనపార్టులూ నేర్చారు. వియన్నాలో 1832లో చనిపోయిన నెపోలియన్ కొడుకును రెండవవాడిగా లెక్కవేసి, 1852లో నెపోలియన్ తమ్ముడి కొడుకు మూడవ నెపోలియన్‌గా చక్రవర్తి అయ్యాడు.

వీళ్లు కలుపుకున్నది ఎంతైనా నిజంగా బతికిన పిల్లలను. స్వీడన్‌వారు అసలు లేని రాజులనే కలుపుకున్నారు. ఉప్సాలా క్యాథలిక్ ఆర్చిబిషప్ యోహన్నెస్ మాగ్నస్‌కు రాజు గుస్తావ్ వాసాతో చెడింది. దేశం విడిచిపోయి ప్రవాసంలోనే స్వీడన్ రాజుల చరిత్ర రాశాడు. పొరుగునున్న డేన్‌లకు చరిత్రకారుడు సాక్సో రాసిన ప్రాచీన రాజుల కథలున్నాయి. తనవారు తీసిపోకూడదని నోవహు మనవడు మాగోగు దగ్గర మొదలుపెట్టి ఎరిక్‌లను, చార్లెస్‌లను వరసగా నిలబెట్టాడు. ఆయన చనిపోయాక 1554లో రోములో ఆ పుస్తకం అచ్చయింది. దాన్ని నెత్తిన పెట్టుకున్నదెవరు? ఆయన్ను దేశానికి దూరం చేసిన గుస్తావ్ కొడుకులే. గుస్తావ్ 1523లో తిరుగుబాటు చేసి గద్దెనెక్కినవాడు. కొత్త వంశానికి పాత మూలాలు కావాలి. అందుకే పెద్ద కొడుకు 14వ ఎరిక్ అయ్యాడు, చిన్న కొడుకు 9వ చార్లెస్. ఈ చార్లెస్‌కు ముందు ఆధారాలతో దొరికే స్వీడిష్ చార్లెస్‌లు ఇద్దరే. మిగతా ఆరుగురు మాగ్నస్ కలం సంతానం. ఆ ఆరుగురినీ ఇప్పటికీ ఎవరూ తీసేయలేదు. 1973 నుంచి గద్దె మీదున్న 16వ కార్ల్ (అంటే చార్లెస్) గుస్తాఫ్ నిజానికి పదోవాడు.

దావా లేని అంకె కావాలంటే జర్మనీలోని రాయిస్ వంశాన్ని చూడాలి. ఆ ఇంట మగపిల్లలందరి పేరూ హైన్రిష్. ఏలినవారికే కాదు, పుట్టిన ప్రతివాడికీ ఒక నంబరు. ఒక శాఖ నూరు దాకా లెక్కపెట్టి మళ్లీ ఒకటికి వచ్చేది. రెండోది శతాబ్దం మారినప్పుడల్లా కొత్తగా మొదలుపెట్టేది. అలా తండ్రి 67వ హైన్రిష్ తర్వాత కొడుకు 14వ హైన్రిష్ రాజ్యానికొచ్చాడు. చిన్న సంస్థానం కాబట్టి ఎవరూ పట్టించుకోలేదు.

అంకె మీద జనమే తిరగబడిన చోటు స్కాట్లండు. ఇంగ్లండును ఏలిన మొదటి ఎలిజబెత్ స్కాట్లండును ఏలలేదు. మరి 1952లో వచ్చిన రాణి తమకు రెండవది ఎలా అవుతుందని స్కాట్‌లు అడిగారు. రాణి గుర్తుతో ఎడిన్‌బరోలో పెట్టిన పోస్టు డబ్బాను 1953 ఫిబ్రవరిలో పేల్చేశారు. కోర్టుకెళ్లినవారు ఓడిపోయారు. కానీ ఆ తర్వాత స్కాట్లండులో పెట్టిన డబ్బాల మీద రాణి అంకె పోయి స్కాట్లండు కిరీటం వచ్చింది. రెండు దేశాల లెక్కల్లో ఏ అంకె పెద్దదైతే దాన్నే ఇకపై వాడదామని చర్చిల్ సూచించాడు. కోర్టులో గెలిచింది ప్రభుత్వమే అయినా, వెనక్కి తగ్గిందీ ప్రభుత్వమే అని నేనంటాను.

2022లో మూడవ చార్లెస్ వచ్చినప్పుడు ఆ పేచీ లేదు. మొదటి ఇద్దరూ రెండు రాజ్యాలనూ ఏలినవారే. అయితే గద్దె పోగొట్టుకున్న స్టూవర్టు వంశీకుడు చార్లెస్ ఎడ్వర్డ్, 1766లో తండ్రి చనిపోయాక తానే మూడవ చార్లెస్‌నని చెప్పుకున్నాడు. 1788లో రోములో కన్నుమూశాడు. ఆయన్ను కలిపితే ఇప్పటి రాజు నాలుగోవాడు కావాలి. లండన్ కలపలేదు.