టర్కీ ఆవిరి ఇంజన్లు, మన రాయచూరు మార్గము
(అరకేరలో ఉగాది ఉత్సవ సభయందు చేసిన ప్రసంగ పాఠము)

 

ఆవిరి ఇంజన్ల గురించి, అందునా టర్కీ దేశపు ఇంజన్ల గురించి మాట్లాడతామని చెప్పినప్పుడు కార్యదర్శిగారు కొంచెము తటపటాయించినారు. అరకేరకు రైలే లేదు గదా అన్నారు. నిజమే. కాని ఇక్కడ కూర్చున్న కుటుంబాల పెద్దలలో చాలామంది పొలాలు వెతుకుకొంటూ ఈ జిల్లాకు వచ్చినది రైలుమీదనే. గుంటూరు వైపువారు నంద్యాల మీదుగా గుంతకల్లు వరకు మీటరు గేజి బండిలో వచ్చి, అక్కడ దిగి, బిందెలు, బియ్యపు మూటలు, పిల్లలతో సహా బ్రాడ్ గేజి బండి ఎక్కి రాయచూరు చేరినారు. ఆ బండ్లను లాగిన ఇంజన్ల కథ వారికి పరాయిది కాదు.

రాయచూరు స్టేషను సామాన్యమైనది కాదు. బొంబాయినుండి వచ్చిన గ్రేట్ ఇండియన్ పెనిన్సులా కంపెనీ రైలుమార్గము, మద్రాసునుండి అరక్కోణము, కడప, గుంతకల్లు మీదుగా వచ్చిన మద్రాసు రైల్వే మార్గము 1871లో కలిసినది అక్కడనే. రెండును ఐదడుగుల ఆరంగుళాల గేజి. పట్టాలు కలిసినవి గాని కంపెనీలు వేరు, యజమానులు సీమలో. ఇంజన్లును అక్కడినుండే ఓడలెక్కి వచ్చేవి.

టర్కీ పరిస్థితియు ఇటువంటిదే. ఇజ్మీరునుండి ఐదిన్ వరకు వేసిన వారి తొలి రైలుమార్గము 1866లో పూర్తి అయినది. వేసినది ఇంగ్లీషు కంపెనీ. తరువాత జర్మనులు, ఫ్రెంచివారు వచ్చినారు. సొంతముగా ఇంజను చేసుకొనలేని దేశము ఎవరి ఇంజను కొనుక్కోవలెను, కొన్నదానిని తన నేలకు ఎట్లా సరిపెట్టుకోవలెను అన్న చిక్కు ఇద్దరికీ ఉండినది. అందుకే టర్కీని ఎన్నుకున్నాము.

చిక్కు ఎంత గట్టిదో మనకు తెలియవచ్చినది ప్రాణనష్టముతో. 1920ల చివర మన దేశానికి ఎక్స్.బి. అనే పాసింజరు ఇంజన్లు వచ్చినవి. నాసిరకపు బొగ్గు బాగా మండవలెనని వెడల్పైన ఫైర్ బాక్సు పెట్టినారు. ఆ ఆలోచన మంచిదే. కాని వేగము పెరిగేసరికి ఇంజను పట్టాలమీద అటూ ఇటూ ఊగుచు, పట్టాలనే వంకరలు చేసేది. 1937 జులై 17న పాట్నా దగ్గర బిహ్తాలో ఎక్స్.బి. ఇంజను లాగుచున్న ఎక్స్‌ప్రెస్ పట్టాలు తప్పి నూరుమందికి పైగా మరణించినారు. విచారణకు సీమనుండి ఒక కమిటీ వచ్చినది. ముందూ వెనుకా ఉన్న చిన్న చక్రాల అమరికకు పక్కకు కదలకుండా పట్టి ఉంచే బలము చాలలేదనీ, మన పట్టాల స్థితి దానికి తోడైనదనీ తేల్చినారు. కాగితముమీద ఇంజను బాగానే ఉన్నది; ఈ పట్టాలమీద ఎట్లా నడుస్తుందో ముందుగా చాలినంత చూడలేదు. ఆ నిర్లక్ష్యమును చిన్నదనుటకు మాకు మనసొప్పదు.

ఆ కమిటీలో విలియం స్టేనియర్ అనే ఇంజనీరు ఉన్నారు. ఇంగ్లండులో ‘8 ఎఫ్’ అనే గూడ్సు ఇంజనును రూపొందించినవారు వీరే. రెండవ ప్రపంచ యుద్ధములో ఇంగ్లండు ఆ ఇంజన్లను టర్కీకి పంపినది. కొన్ని దారిలో ఓడలతోపాటు సముద్రములో మునిగిపోయినవి. చేరినవాటికి టర్కీ రైలువారు ‘చర్చిల్’ అని ముద్దుపేరు పెట్టినారు. తమాషా ఏమంటే, ఆ యుద్ధకాలముననే జర్మనీ కూడా తన యుద్ధపు ఇంజన్లను టర్కీకి పంపినది. తటస్థ దేశము గదా, ఇద్దరూ మంచి చేసుకోవలసిందే. అక్కడ ఒకరితో ఒకరు పోరాడుచున్న దేశాల ఇంజన్లు ఇక్కడ ఒకే కొలిమి బొగ్గు తిని, ఒకే పట్టాలమీద నడిచినవి. యుద్ధము ముగిసినాక, 1947–49 మధ్య, అమెరికానుండి ‘స్కైలైనర్’ అనే భారీ ఇంజన్లు 88 వచ్చినవి.

టర్కీవారు ఇంజనుకు నంబరు పెట్టే పద్ధతి మాకు బాగా నచ్చినది. మొదటి అంకె లాగే ఇరుసులు, రెండవది మొత్తము ఇరుసులు. స్కైలైనరు 56: అనగా ఆరు ఇరుసులలో ఐదు లాగేవే. అన్ని ఎందుకంటే అనటోలియా కొండల ఎక్కుడు గట్టిది. బరువంతా లాగే చక్రాలమీదనే పడితే జారకుండా పట్టు దొరుకుతుంది. ఇరుసులు ఎక్కువైతే ఒక్కొక్క ఇరుసు పట్టాలమీద వేసే భారము తగ్గుతుంది. బురద పొలములో బండి నడిపినవారికి ఇది వేరే చెప్పనక్కరలేదు.

మనవారు బిహ్తా పాఠము మరువలేదు. 1947లో అమెరికానుండి మొదట 16 డబ్ల్యు.పి. ఇంజన్లు తెప్పించి పరీక్షించినారు. తుపాకి గుండువంటి ముక్కు, దానిమీద నక్షత్రము; చూసినవారు మరువరు. టర్కీ లెక్కన ఇది 36. గూడ్సుకు డబ్ల్యు.జి., అది 46. చక్రాలు కొంచెము చిన్నవి, వేగము తక్కువ, లాగుడు ఎక్కువ. రెంటికీ బాయిలరు ఒకటే కనుక షెడ్డులో మరమ్మతు సుళువు. ఫైర్ బాక్సులో బొగ్గు పరిచే జాలీ 46 చదరపు అడుగులు. దానినిండా పారతో బొగ్గు వేసేది ఇద్దరు ఫైర్‌మన్లు. రాయచూరు మే నెల ఎండలో ఆ పని ఎట్లుండునో మీరే ఊహించండి. ఇంజను అందము చెప్పేవారు ఈ మాట చెప్పరు.

చిత్తరంజన్ కర్మాగారమునుండి తొలి ఇంజను ‘దేశబంధు’ 1950లో వెలువడినది. డబ్ల్యు.జి.లు మొత్తము 2,450 తయారైనవి. చివరిది 1970లో, పేరు ‘అంతిమ్ సితారా’. అప్పటికే ఇతర దేశాలు డీజిలుకు మళ్ళినవి. ఆలస్యము చేసినామని కొందరంటారు. బొగ్గు మనది, చమురు పరదేశముది. దానికి చెల్లించే విదేశీ మారకము మన వద్ద లేదు. మాకు ఆ ఆలస్యము తప్పుగా తోచదు.

టర్కీవారు తమ చేతులతో ఇంజను చేసినది 1961లో. ఎస్కిషెహిర్‌లో ‘కారాకుర్ట్’, సివాస్‌లో ‘బోజ్‌కుర్ట్’. నల్ల తోడేలు, బూడిదరంగు తోడేలు అని అర్థము. రెండూ 56 తరగతివే. ఆవిరి యుగము ముగియబోవుచుండగా చేసిరి గాని, ఏండ్ల తరబడి పరదేశపు ఇంజన్లను విప్పి బిగించిన పనివారి నేర్పు వాటిలో ఉన్నది.

మన బ్రాడ్ గేజి మీద మామూలు ఆవిరి బండి చివరిసారి నడిచినది 1995 డిసెంబరు 6న, జలంధరు–ఫిరోజ్‌పూరు మార్గములో. రాయచూరు పట్టాలమీద నేడు కరెంటు ఇంజన్లు తిరుగుచున్నవి. బొగ్గు మాత్రము ఇప్పటికీ సింగరేణినుండి రైలులోనే ఈ జిల్లాకు వస్తున్నది, శక్తినగరు విద్యుత్కేంద్రానికి. అక్కడ జరిగేదీ నీళ్ళు కాచి ఆవిరి పుట్టించుటే. డబ్ల్యు.పి.ని కళ్ళారా చూడదలచిన పిల్లలు ఢిల్లీ వెళ్ళినప్పుడు, అక్కడికి కొద్ది దూరములోనున్న రేవాడీ షెడ్డుకు వెళ్ళవచ్చును.