చుట్ట మాని ఆవిరి పీల్చవచ్చునా?

 

మొన్న సంక్రాంతి రోజుల్లో ఒక పొగాకు రైతు తన బ్యారన్ దగ్గర నన్ను ఆపారు. ముప్పయ్యేళ్ళుగా చుట్ట కాలుస్తున్న మనిషి. గట్టు ఎక్కితే ఆయాసం, తెల్లవారితే దగ్గు. లండనునుంచి పండుగకు వచ్చిన కొడుకు ఒక ఈ-సిగరెట్టు చేతిలో పెట్టాడట. "సారూ, దీంట్లో నిప్పు లేదు, పొగ లేదు. జలుబుకు ఆవిరి పట్టినట్టే గదా! చుట్ట మాని దీనికి మారితే నా ఊపిరితిత్తులు బాగుపడతాయా?" అని అడిగారు.

నేను వైద్యుణ్ణి కాను. అయితే కొత్త మందు పనిచేసిందీ లేనిదీ ఎట్లా తేల్చాలో పొలం మనకు నేర్పింది. ఇదీ అట్లా తేల్చవలసిన సంగతే.

ఈ-సిగరెట్టులో ఆకు కాలదు. బ్యాటరీతో వేడెక్కే చిన్న తీగ, గ్లిసరిను వంటి ద్రవాన్ని ఆవిరి చేస్తుంది. అది నీటి ఆవిరి కాదు. అందులో సాధారణంగా నికోటిను వుంటుంది. పేనుబంకకు కొట్టే పొగాకు కషాయంలో పురుగును చంపేది ఆ నికోటినే. ఆకు కాలదు గనుక తారు, కార్బన్ మోనాక్సైడు దాదాపు వుండవు. ఇది నిజమైన తేడాయే. కాని వేడెక్కిన ద్రవంనుంచి ఫార్మాల్డిహైడు వంటి హానికర పదార్థాలు కొద్దో గొప్పో లోపలికి పోతాయి.

మందును పరీక్షించేటప్పుడు, ఏమీ వేయని మడి ఒకటి పోలికకు వదులుతాము గదా. ఇక్కడా మూడు మడులు కావాలి: పొగ తాగేవారు, ఆవిరికి మారినవారు, రెండూ మానినవారు. మారినవారిని పొగరాయుళ్ళతోనే పోల్చితే మెరుగనిపిస్తుంది. రెండూ మానినవారి పక్కన నిలబెడితేనే అసలు సంగతి తెలుస్తుంది. చిక్కేమిటంటే, చాలామంది అదీ ఇదీ రెండూ తాగుతారు. రెండు మడుల నీళ్ళు కలిసిపోయినట్టే. పైగా పొగవల్ల ఊపిరితిత్తులు చెడడానికి ఇరవై, ముప్పయ్యేళ్ళు పడుతుంది. ఈ పరికరమో, చైనాలో 2003లో రూపొందింది. మామిడి నాటిన రెండో ఏడే దిగుబడి లెక్క కట్టలేము గదా!

ఇంగ్లండులో 886 మందిపై జరిగిన పరీక్ష ఫలితాలు 2019లో వెలువడ్డాయి. ఏడాది తర్వాత చూస్తే, ఈ-సిగరెట్టు ఇచ్చినవారిలో నూటికి 18 మంది, నికోటిను పట్టీలు, బిళ్ళల వంటివి ఇచ్చినవారిలో నూటికి 10 మంది పొగ మానారు. మొదటి జట్టులో దగ్గు, కఫం కూడా ఎక్కువగా తగ్గాయి. అయితే ఆ 18 మందిలో సుమారు 14 మంది ఆవిరిని వదలలేకపోయారు. అంటే పొగ పోయింది, వ్యసనం మిగిలింది.

మన దేశంలో 2019 నాటి చట్టం ఈ-సిగరెట్ల తయారీ, దిగుమతి, అమ్మకం, నిల్వ, ప్రచారం నిషేధించింది. దొంగచాటుగా దొరికే సరుకులో ఏమున్నదో ఎవరు చెప్పగలరు? అమెరికాలో 2019లో ఇట్టి ఆవిరివల్ల ఊపిరితిత్తులు దెబ్బతిన్న జబ్బు ప్రబలి, 2020 ఫిబ్రవరి నాటికి 68 మంది చనిపోయారు. ముఖ్యంగా గంజాయి సారం గల ద్రవాలలో కలిపిన విటమిన్-ఇ అసిటేటుపైనే వేలు చూపారు.

కనుక ఆ రైతుకు నేను చెప్పినది ఇదీ: "బాబాయ్, కొట్టుకుపోయిన మట్టి తిరిగి రాదు. గట్టు వేస్తే మిగిలినది నిలుస్తుంది. పాడైన గాలిసంచులు మళ్ళీ రావు. రెండూ మానితే మిగిలినవి నిలుస్తాయి. కొన్ని నెలల్లో దగ్గు తగ్గుతుంది. పదేళ్ళకు ఊపిరితిత్తుల కాన్సరు ముప్పు, మాననివారితో పోలిస్తే సుమారు సగమవుతుంది."

ఆయాసం వున్నవారు ప్రభుత్వాసుపత్రిలో ఊపిరితిత్తుల పరీక్ష చేయించుకోండి. మానడానికి సలహా కావాలంటే 1800-11-2356కు ఉచితంగా ఫోను చేయవచ్చును. విస్తరణ సిబ్బంది ఈ సంఖ్యను రైతు భేటీలలో చెప్పవలసిందిగా మనవి.

ఆ రైతు ఆ పరికరాన్ని పక్కన పెట్టారు. చుట్టలు రోజుకు ఆరునుంచి రెండుకు వచ్చాయి. ఆ రెండూ మాన్పించడానికి మళ్ళీ వెళ్తాను.